ముల్లు ఎక్కడుంది?

బస్సంటే అందరికీ ఎక్కి దిగే బండి. నాకు మాత్రం అది ఇల్లు. ఒకప్పుడు పాతికమంది కడ్డీలు పట్టుకుని వేలాడిన చోట నా మంచం ఉంది. కండక్టరు కూర్చునే చోట గ్యాసు పొయ్యి ఉంది. వెనక అద్దం కింద నా కుట్టుమిషను ఉంది. "ఇంటికి చక్రాలేమిటే, మతిగానీ పోయిందా?" అంది మా అమ్మ, మొదటిసారి చూసి. "నా కాపురం, నా ఇష్టం, నువ్వూరుకో" అన్నాను. నా నోరు మంచిది కాదని మా వాళ్ళందరికీ తెలుసు. ఇదంతా విన్నాక నా మనసు మంచిదని కూడా మీరు అనుకోకండి.

తుక్కు కింద పోవలసిన ఆ బస్సుని మా ఆయనా, ఆయన తమ్ముడూ తెచ్చి, పద్నాలుగు నెలలు దాంతో కుస్తీపట్టి ఇల్లు చేశారు. మా ఆయన రేడియేటర్లు బాగుచేసేవాడు. ఇరవై రెండేళ్ళు అదే పని. కారే చోటు వెతకడం, మంట పట్టడం, టంకం వేయడం. అన్నేళ్ళు నిప్పుతో సావాసం చేసి ఆయన అరచేతులు మొద్దుబారిపోయాయి. వాటికి వేడి తెలిసేది కాదు. మరుగుతున్న టీ గిన్నెని పట్టకారు లేకుండా దించేసేవాడు. నేను లబోదిబోమంటుంటే నవ్వేవాడు.

అందుకే ఆయనకి ఒక నియమం ఉండేది. రేడియేటర్ మూత మీద చెయ్యి వేసే ముందు స్టీరింగ్ దగ్గర ఉన్న మనిషిని అడగాలి, "ముల్లు ఎక్కడుంది?" అని. వేడి చూపించే మీటరు ముల్లు. అది కింద ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నట్టు. పైకి పోతే లోపల నీళ్ళు మరుగుతున్నట్టు. మరుగుతుండగా మూత తీస్తే ఆవిరి వచ్చి మొహాన్ని కొడుతుంది. ఇక ఆ మొహం మొహంలా ఉండదు. "నా చేతులు అబద్ధమాడతాయే, ముల్లు ఆడదు" అనేవాడు. ఆయన అడగడం, పక్కవాడు చూసి చెప్పడం, అప్పుడు మూత తీయడం. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

ఎనిమిది నెలల కిందట, బస్సుని మొదటిసారి రోడ్డెక్కించిన రోజున, ఆ మనిషే మరుగుతున్న రేడియేటర్ మూత తీశాడు. మొహం, మెడ, ఛాతీ ఉడికిపోయాయి. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మాట రాలేదు. నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని చూసేవాడు. పదో రోజు పొద్దున ఆ చెయ్యి వదిలేశాడు.

ఆ రోజు స్టీరింగ్ దగ్గర కూర్చున్నది ఆయన తమ్ముడు. ఇంట్లో అందరికీ చిన్నోడు. "అన్న అడగలేదు వదినా. తొందరపడి తీసేశాడు. వద్దని నేను అరిచేలోపే..." అని నేల మీద పడి ఏడ్చాడు. అందరూ అయ్యో అన్నారు, రాత అన్నారు. నేను నమ్మలేదు. ఇరవై రెండేళ్ళు అడిగిన నోరు ఆ ఒక్కరోజు అడక్కుండా ఉంటుందా? ఆ ప్రశ్న నా గొంతులో అడ్డం పడిపోయింది. తిండి దిగేది కాదు, నిద్ర పట్టేది కాదు. నాకు కావలసింది ఒక్కటే. ఆయన అడిగాడా, లేదా?

కొండ మీది ఊళ్ళో ఒక బడివాళ్ళు పిల్లల బట్టలు కుట్టడానికి నన్ను పిలిచారు. బస్సు తెచ్చి మా ఆవరణలోనే పెట్టుకోండి అన్నారు. నాకు నడపడం రాదు. చిన్నోడే నడపాలి. వాడితోపాటు వాడి భార్య, అంటే నా తోడికోడలు. ఐదో నెల. ఆ పిల్లంటే నాకు ప్రాణం. నేను తినకపోతే తనూ తిననని భీష్మించుకుని కూర్చునే రకం. వాడి మీద నాకున్న కోపంలో ఆ పిల్లకి వాటా లేదు.

పొద్దున ఆరు డబ్బాల నిండా నీళ్ళు పట్టి బస్సులో పెట్టాను. చిన్నోడు మీటరు వెనక ఏదో సర్దుతున్నాడు. ఒక వైరుకి నల్లటి టేపు కొత్తగా చుట్టి ఉంది.

"అదేమిట్రా?" అన్నాను.

"పాత వైరు వదినా. వదులైతే బిగించాను."

వాడు నా మొహం చూడలేదు. నేనూ రెట్టించలేదు.

పదకొండున్నరకి కొండ మొదలైంది. వేసవి ఎండ. గాలి స్తంభించిపోయింది. రోడ్డుకి ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. రాళ్ళ మీద పడిన ఎండ తిరిగి మా మీదే పడుతోంది. పక్షి కూత లేదు, ఎదురొచ్చే బండి లేదు. మూడో గేరులో బస్సు ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతోంది. డ్రైవరు పక్కనే ఉన్న ఇంజిన్ మూత మీద పాత దుప్పటి మడత వేసి, దాని వెనక సీట్లో నేను కూర్చున్నాను. నా పక్కన కిటికీకి తల ఆనించి తోడికోడలు కునుకుతోంది.

ముల్లు సగానికి వచ్చింది. రెండు మలుపులు తిరిగేసరికి ముప్పావుకి వచ్చింది.

"హీటరు పెట్టు వదినా" అన్నాడు చిన్నోడు.

ఎండలో హీటరేమిటని మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను, మా ఆయన మొదటిసారి చెప్పినప్పుడు. ఆ బస్సు చలి ఊళ్ళలో తిరిగిన బండి, అందుకని హీటరుంది. ఇంజిన్‌లో మరిగే నీళ్ళనే అది బస్సులోకి తిప్పి వేడిగాలి కొడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఉడుకెత్తితే హీటరు మొత్తం తిప్పేయాలి. ఇంజిన్ వేడి మన మీదకి వస్తుంది. మనం చెమటలు కక్కుతాం, ఇంజిన్ బతుకుతుంది. "వేడి ఎక్కడికీ మాయమైపోదే. ఎవరో ఒకరు తీసుకోవాలి" అనేవాడాయన.

మీట తిప్పాను. సీట్ల కింది గొట్టంలోంచి నిప్పులాంటి గాలి కాళ్ళకి తగిలింది. చీర ఒంటికి అంటుకుపోయింది. గాలితో పాటు ఒక వాసన వచ్చింది. రేడియేటర్ నీళ్ళు ఉడికినప్పుడు వచ్చే తియ్యటి వాసన. అది మామూలే. కానీ దాని వెనకాల ఇంకోటి... కాలుతున్న టంకం వాసన. సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆయన చొక్కాలోంచి వచ్చే వాసన.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిచ్చిదానా, పాత బండికి పాత వాసనలుంటాయి అని సర్దిచెప్పుకున్నాను.

అప్పుడు వినిపించింది.

"ముల్లు ఎక్కడుంది?"

చిన్నగా, ఇంజిన్ రొదలో కలిసిపోయి.

"ముప్పావు దాటింది వదినా" అన్నాడు చిన్నోడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నేను నోరు తెరవలేదు. తోడికోడలి వైపు చూశాను. నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. వాడికి ఏం వినిపించిందో, నాకు ఏం వినిపించిందో. ఎండకి చెవులు గుయ్‌మంటున్నాయేమో అనుకుని నీళ్ళు తాగాను.

ఇంకో మలుపు. ముల్లు కదిలింది.

కిందికి.

ఎత్తు ఇంకా పెరిగింది, చక్రాలు ఇంకా మెల్లగా తిరుగుతున్నాయి, ఇంజిన్ ఇంకా గట్టిగా ఏడుస్తోంది. ముల్లు మాత్రం ముప్పావు నుంచి సగానికి, సగం నుంచి పావుకి... ఎవరో వేలితో నొక్కుతున్నట్టు దిగిపోయింది. సున్నా గీత మీద ఆగింది.

నా కాళ్ళకి తగులుతున్న వేడిగాలి చల్లబడింది. తర్వాత చల్లగా అయింది. తర్వాత వణుకు పుట్టేంత చల్లగా అయింది. గొట్టం మీద చెయ్యి పెడితే ఐసుముక్కని ముట్టుకున్నట్టుంది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంటూ తోడికోడలు కళ్ళు తెరిచింది. "ఏసీ ఎప్పుడు పెట్టించావక్కా? నాకు చెప్పనే లేదు" అని నవ్వింది. ఆ పిల్లకి అన్నీ సరదానే.

"హీటరు ఆపు వదినా" అన్నాడు చిన్నోడు. "నాకు చలేస్తోంది."

వాడి గొంతు తడారిపోయి ఉంది. వెనకనుంచి చూశాను. మెడ మీద ఒక్క చెమట చుక్క లేదు. చొక్కా ఎండిన కాగితంలా ఉంది. నేను హీటరు ఆపాను. చల్లగాలి ఆగలేదు.

"ముల్లు ఎక్కడుంది?"

ఈసారి స్పష్టంగా. ఇంజిన్ మూత కిందనుంచి. నా మోకాళ్ళకి జానెడు దూరం నుంచి.

"కిందే ఉంది వదినా. ఎన్నిసార్లు అడుగుతావు?"

"నేను అడగలేదు" అన్నాను.

"నేను కూడా అడగలేదండీ" అంది తోడికోడలు. నవ్వు ఆగిపోయింది.

స్టీరింగ్ మీద చిన్నోడి వేళ్ళు తెల్లగా బిగుసుకుపోయాయి. అద్దంలో వాడి మొహం కనిపించింది. ఇటుకరంగులో ఉంది. పెదాలు పగిలి పొలుసులు లేచాయి.

"ఏమండీ, ఒళ్ళు బాగోలేదా?" అని ఆ పిల్ల వాడి భుజం మీద చెయ్యి వేసింది. వెంటనే కెవ్వుమని లాక్కుంది. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది.

నేను బట్టలు కుట్టేదాన్ని. ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూడటానికి మాకు ఒక అలవాటుంటుంది. వేలు తడిచేసి ముట్టిస్తాం. ఎందుకు చేశానో తెలీదు... నీళ్ళడబ్బాలో వేలు ముంచి, లేచి, వాడి మెడ మీద తగిలించాను.

చుయ్‌మంది.

సన్నటి ఆవిరి లేచింది. వాడు కదల్లేదు. వాడికి తెలియనే లేదు.

"చలేస్తోంది వదినా" అన్నాడు మళ్ళీ, పళ్ళు కొట్టుకుంటూ.

అప్పుడు నాకు అర్థమైంది. ఇంజిన్ వేడంతా ఎక్కడికి పోతోందో... ఎవరు తీసుకుంటున్నారో.

భయం వేసిందా అంటే, వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ భయం అడుగున ఇంకోటి కూడా ఉంది. ఐదు నెలలుగా మూసిపెట్టిన కుండ మూత లేచినట్టయింది. వచ్చావా, అనుకున్నాను. ఇన్నాళ్ళకి వచ్చావా.

మూడోసారి అడిగాడు. ఈసారి గుసగుస కాదు. మా ఆయన గొంతే. పనిలో ఉన్నప్పుడు, చేతిలో గుడ్డతో రేడియేటర్ ముందు వంగి, తల ఎత్తకుండా అడిగే గొంతు.

"ముల్లు ఎక్కడుందిరా?"

చిన్నోడి కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. అన్న పిలిస్తే పలికే గొంతుతో, మాట వినే తమ్ముడిలా, చటుక్కున అన్నాడు.

"కిందే ఉంది అన్నా."

"అడిగాడన్నమాట" అన్నాను. "అడిగాడు. నువ్వు కిందే ఉందన్నావు."

"వదినా..."

"ఆ వైరు సంగతి చెప్పు."

వాడు ఏడుద్దామనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు లేవు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇంజిన్‌ని చల్లబరిచే ఫ్యాన్ బెల్టు బిగించింది వాడు. వదులుగా బిగించావు, నీకు చేతకాదు, ఎప్పటికీ నేర్చుకోవు అని వర్క్‌షాపులో పదిమంది ముందు అన్న ఆడిపోసుకున్నాడు. అందరూ నవ్వారు. రోషం వచ్చింది. నా బెల్టుతోనే బండి వేడెక్కకుండా నడుస్తుందని చూపిస్తాను అనుకుని, ముల్లు పైకి లేవకుండా మీటరు వెనక వైరు పీకేశాడు. దార్లో బెల్టు జారింది. నీళ్ళు మరిగాయి. బెల్టు చప్పుడు విని బండి ఆపారు. అన్న దిగి, గుడ్డ తీసుకుని ముందుకెళ్ళి అడిగాడు.

"పీకేశానని చెప్తే మళ్ళీ నవ్వుతాడనుకున్నాను వదినా... కాసేపాగి తీస్తాడులే అనుకున్నాను... వెంటనే తీస్తాడనుకోలేదు..."

"ఆయన చేతులకి వేడి తెలీదని నీకు తెలీదా?"

వాడు స్టీరింగ్ తిప్పాడు.

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

ఒక్క మాట. వైరు పీకేశాను అన్నా, ఆగు అని ఒక్క మాట అనుంటే నా మనిషి ఇప్పుడు ఈ ఇంజిన్ పక్కన కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు. పదిమంది నవ్వుతారని ఆ ఒక్క మాట మింగేశాడు. మింగి, తర్వాత చచ్చిన మనిషి మీదే తప్పు నెట్టాడు. తొందరపడ్డాడట! ఆ మాట ఊరంతా నమ్మింది. రేడియేటర్ల మనిషి రేడియేటర్ మూతకే బలయ్యాడని నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. అదంతా నేను విన్నాను. విని బట్టలు కుట్టుకున్నాను.

"వదినా, మండిపోతోంది... లోపల..." అన్నాడు. చలి పోయినట్టుంది. "ఇంజిన్ ఆపు. నా చేతులు రావట్లేదు. స్టీరింగ్ వదలట్లేదు. తాళం తిప్పు వదినా."

తాళం చెవి నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఇంజిన్ ఆగితే వేడి ఆగుతుంది. వేడి ఆగితే వాడు బతుకుతాడు. ఆ లెక్క నాకు తెలుసు. ఎత్తులో ఇంజిన్ ఆపితే బస్సు వెనక్కి జారి లోయలో పడుతుందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. అది వట్టి సాకు. వాడి కాలు బ్రేకు మీదకి పోతోంది, చేతి బ్రేకు ఉంది, చక్రాల కింద పెట్టడానికి దుంగలు తలుపు పక్కనే ఉన్నాయి. అన్నీ తెలిసే నేను చెయ్యి చాపలేదు.

"నీళ్ళు... పొయ్యి వదినా..."

ఆరు డబ్బాల నీళ్ళు నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

"అక్కా, ఏం చూస్తున్నావు? ఆపు!" అని తోడికోడలు సీట్లోంచి లేచింది. తాళం కోసం వంగింది. నేను ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను. పదేళ్ళుగా బరువైన కత్తెర ఆడించిన చెయ్యి నాది. వదిలించుకోలేకపోయింది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నా కడుపులో బిడ్డని చూసైనా ఆపు!"

"పోనీరా" అన్నాను వాడితో. "ఆపకు. పైదాకా పోనీ."

తొమ్మిది రోజులు. మా ఆయన తొమ్మిది రోజులు ఉడికాడు. నేను వాడికి నాలుగు మలుపులే ఇచ్చాను.

మొదటి మలుపులో వాడు అరిచాడు. రెండో మలుపులో అమ్మా అన్నాడు. మూడో మలుపులో టంకం కాలిన వాసన పోయి వేరే వాసన వచ్చింది. అదేమిటో చెప్పను... తొమ్మిది రోజులు ఆసుపత్రిలో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. నాలుగో మలుపులో వాడి నోట్లోంచి సన్నగా, ఆగకుండా, ఈల లాంటి చప్పుడు వచ్చింది. కెటిల్ మూతిలోంచి వచ్చే చప్పుడు. పెదాలు కదలట్లేదు.

బస్సు మాత్రం పువ్వులా ఎక్కింది. ముల్లు సున్నా మీదే ఉంది.

పైన చదును వచ్చింది. చెట్టు నీడ చూసుకుని బస్సు పక్కకి తీసి, బ్రేకు వేసి, చేతి బ్రేకు లాగి, ఇంజిన్ ఆపింది వాడి చేతులే. అప్పటికి వాడు ఉన్నాడో లేడో నాకు తెలీదు. చేతులు స్టీరింగ్ మీంచి జారి ఒళ్ళో పడ్డాయి.

తోడికోడలు ఏడవలేదు. చాలాసేపటికి మామూలుగా, మర్యాదగా అంది.

"అక్కా, నా చెయ్యి వదులు."

అప్పటిదాకా పట్టుకునే ఉన్నానని నాకే తెలీదు.

డాక్టరు వడదెబ్బకి పోయాడన్నాడు. థర్మామీటరులో పాదరసం చివరిదాకా పోయిందని, ఇంత జ్వరం తన సర్వీసులో చూడలేదని అన్నాడు. అదే బస్సులో ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకతె కడుపుతో, చెక్కుచెదరకుండా ఎలా ఉన్నారని ఎవరూ అడగలేదు. తోడికోడలు నా మీద ఒక్క మాట చెప్పలేదు. నేను కూడా, ఎందుకు చెప్పలేదమ్మా అని అడగలేదు.

మా ఆయన పగ తీరింది. నా పగ తీరింది. ఇక తినాలి, నిద్రపోవాలి. నిజంగానే ఒక నెల హాయిగా నిద్రపోయాను. చెప్పాను కదా, నా మనసు మంచిది కాదు.

బస్సు బడి వెనక గోడ నీడలో ఉంది. ఇద్దరం అందులోనే ఉంటున్నాం. ఆ పిల్లకి పుట్టింటివాళ్ళు లేరు, పోయే చోటు లేదు. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పిల్లని వదిలి నేను మాత్రం ఎక్కడికి పోను? బ్యాటరీ తీయించేశాను. రేడియేటర్‌లో నీళ్ళు చుక్క లేకుండా ఖాళీ చేయించాను. మూడు నెలలుగా ఆ ఇంజిన్ ఒక్కసారి కూడా తిరగలేదు.

వానాకాలం వచ్చింది. ఉతికిన బట్టలు ఆరక ముక్కవాసన. ఒకరోజు తోడికోడలు, పుట్టబోయే బిడ్డకి నేను కుట్టిన చిన్న చిన్న చొక్కాలు ఇంజిన్ మూత మీద ఆరేసింది. పావుగంటలో తీసి మడతపెట్టింది.

"అప్పుడే ఆరాయా?" అన్నాను.

"ఇక్కడ వెచ్చగా ఉంటుందక్కా" అంది.

చెయ్యి పెట్టి చూశాను. పొద్దుటినుంచి నడిచిన బండిలా వెచ్చగా ఉంది. ఆ రోజునుంచి ఆ పిల్ల పరుపు తెచ్చి ఇంజిన్ మూత పక్కనే వేసుకుంది. కడుపు దానికి ఆనించి పడుకుంటుంది. "ఆయన పక్కన పడుకున్నట్టే ఉందక్కా" అని నవ్వింది. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు. నాకు ముద్ద దిగలేదు.

మొదట ఇంజిన్ మూత ఒక్కటే వెచ్చగా ఉండేది. వారం తర్వాత దాని పక్కన నేల మీద ఒక మచ్చంత చోటు వెచ్చగా తగిలింది, పాదమంత. మర్నాడు దానికి అడుగు దూరంలో ఇంకోటి. తర్వాత పొయ్యి దగ్గర. తర్వాత మధ్య దారిలో. రోజుకి ఒక అడుగు. చెప్పులు లేకుండా నడిస్తే తెలుస్తుంది. చుట్టూ నేల చల్లగా ఉంటుంది, ఆ పాదమంత మేర కాలుతుంటుంది. అన్నీ వెనక్కే వస్తున్నాయి. నా మంచం వైపు.

చిన్నోడే, అనుకున్నాను. రానీ. వాడికి నేను చేసింది చేశాను, వాడు చేసేది వాడు చేస్తాడు. నా ఆయన నన్ను చూసుకోడా? ఆయన కోసమే కదా ఇదంతా చేసింది. ఆ ధైర్యంతోనే మంచం మార్చలేదు.

ఇవాళ పొద్దున అవి నా మంచం దగ్గరికి వచ్చాయి. నేల తడిగుడ్డతో తుడిచి నిలబడ్డాను, ఎక్కడెక్కడ ముందుగా ఆరుతుందో చూద్దామని. తడి నేల మీద వెచ్చటి పాదాలు ఒక్కొక్కటే తెల్లగా బయటపడ్డాయి. ఇంజిన్ మూత నుంచి నా మంచం వైపు, వరసగా.

ఒక జత కాదు. రెండు జతలు.

పక్కపక్కనే, కలిసి నడిచినట్టు. ఒకటి చిన్నోడి సైజు. రెండోదానికి కుడి పాదం కొంచెం బయటికి తిరిగి ఉంది. మా ఇంట్లో అలా నడిచేది ఒక్కరే. ఎన్ని జతల చెప్పులు ఆయనకి ఒకవైపే అరిగిపోయేవో నాకు తెలుసు.

అన్నదమ్ములు ఇవాళ కొట్టుకుంటారు, రేపు ఒక్కటైపోతారు, మధ్యలో తలదూర్చిన పరాయింటి ఆడదే చెడ్డదవుతుంది అని మా అమ్మ అంటూ ఉండేది. నేల మొత్తం ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. మంచానికీ ఆ పాదాలకీ మధ్య ఇంకా మూరెడు చోటుంది.